విశాఖ చుట్టూ రాజుల చరిత్ర: తరచుగా అడిగే ప్రశ్నలు

నెలకో ఆదివారం పొద్దున్నే పదీ పదిహేను మందిని వెంటబెట్టుకుని వన్‌టౌన్ వీధుల్లో నడుస్తుంటాను. కురుపాం మార్కెట్ కమాను కింద మొదలవుతుంది మా నడక. కాలేజీ పిల్లలు వస్తారు, రిటైరైన ఉద్యోగులు వస్తారు, కొత్తగా విశాఖలో కాపురం పెట్టినవాళ్ళూ వస్తారు. ఎవరొచ్చినా అడిగే ప్రశ్నలు మాత్రం ఇంచుమించు ఇవే. నడుస్తూ చెప్పే జవాబులు సగం హారన్ మోతలో కలిసిపోతాయి కాబట్టి, తీరిగ్గా ఇక్కడ రాస్తున్నాను.

విశాఖపట్నానికి అసలు రాజంటూ ఉన్నాడా?

ఈ ఊళ్ళో కోట కట్టుకుని కూర్చుని ఏలిన రాజవంశం లేదు. ఇది రేవు పట్నం. రాజులు ఎక్కడో ఉండేవారు, ఇక్కడి సుంకం వాళ్ళకి చేరేది. తూర్పు చాళుక్యులు, చోళులు, తూర్పు గాంగులు, ఒడిశా గజపతులు, గోల్కొండ సుల్తానులు, ఇలా ఒకరి తర్వాత ఒకరు ఈ తీరాన్ని ఏలారు. చోళుల కాలం శాసనాల్లో ఈ ఊరికి కులోత్తుంగచోళపట్టణం అనే పేరు కూడా ఉంది. 1682లో ఇంగ్లీషు కంపెనీ ఇక్కడ ఫ్యాక్టరీ పెట్టింది. అప్పటి ఫ్యాక్టరీ అంటే పొగగొట్టాలున్న కార్ఖానా కాదు, సరుకు కొని నిల్వచేసే కొట్టు.

ఇప్పుడు మనం "రాజులు" అనగానే గుర్తొచ్చే విజయనగరం, బొబ్బిలి, జయపురం, కురుపాం, సాలూరు, మాడుగుల వాళ్ళంతా ఈ ఊరి చుట్టూ ఉన్న సంస్థానాల వాళ్ళు. కోర్టు పనికో, కలెక్టరు దర్శనానికో, సముద్రపు గాలికో విశాఖ వచ్చేవారు. వచ్చి ఉండడానికి బంగళాలు కట్టుకున్నారు. బీచ్ రోడ్డులో ఉన్న హవామహల్ జయపురం (ఇప్పటి ఒడిశాలోది) వాళ్ళది.

మహారాజు, జమీందారు ఒకటేనా? వీళ్ళకి రాజభరణాలు వచ్చేవా?

ఒకటి కాదు. ఈ తేడా తెలియకపోతే తర్వాతి సంగతులేవీ అర్థం కావు కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి.

హైదరాబాద్, మైసూరు లాంటివి స్వదేశీ సంస్థానాలు. అక్కడి పాలకుడికి సొంత చట్టం, సొంత కోర్టు ఉండేవి. 1947 తర్వాత అవి విలీనమయ్యాయి, పాలకులకు రాజభరణాలు (ప్రభుత్వం ఏటా ఇచ్చే భత్యం) ఇచ్చారు, 1971లో 26వ రాజ్యాంగ సవరణతో వాటిని రద్దు చేశారు. ఆంధ్ర ప్రాంతంలో అలాంటి సంస్థానం బనగానపల్లె ఒక్కటే.

విజయనగరం, బొబ్బిలి లాంటివి బ్రిటిష్ పాలనలో జమీందారీలు. మహారాజా అనేది గౌరవంగా ఇచ్చిన బిరుదు. చట్టం మద్రాసు ప్రభుత్వానిది, జిల్లా కలెక్టరుది. జమీందారు పని రైతుల దగ్గర శిస్తు వసూలు చేసి, అందులో ఖాయం చేసిన పేష్కషు కంపెనీకి కట్టడం. 1802 శాశ్వత పైసలా ప్రకారం విజయనగరం జమీందారీలో 1,157 గ్రామాలు, కట్టాల్సిన పేష్కషు ఏడాదికి 5 లక్షల రూపాయలు. పంట పండినా ఎండినా ఆ 5 లక్షలు కట్టి తీరాలి. 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో ఇవన్నీ పోయాయి, జమీందారులకు నష్టపరిహారం ఇచ్చారు. రాజభరణాలతో వీళ్ళకి సంబంధం లేదు.

సింహాచలం గుడి గోడల మీద ఆ రాతలేంటి?

నన్ను అడిగితే విశాఖ జిల్లాలో అన్నిటికన్నా పెద్ద లైబ్రరీ అదే. వందల శాసనాలున్నాయి. దర్శనం లైన్లో నిలబడ్డప్పుడు పక్కనున్న స్తంభం కేసి చూడండి. నూనె, పసుపు, వేల చేతుల రాపిడికి నున్నబడిన రాయి మీద వరసగా అక్షరాలు కనిపిస్తాయి. వేలితో తడిమితే తెలుస్తుంది, ఒక్కో అక్షరం ఎంత లోతుగా చెక్కారో.

అందరికన్నా ముందరి వాటిలో ఒకటి 1098-99 నాటిది, కులోత్తుంగ చోళుడి కాలం. ఇప్పుడు మనం చూసే నల్లరాతి గర్భాలయం, ముఖమండపం కట్టించింది తూర్పు గాంగరాజు మొదటి నరసింహదేవుడి కాలంలో అని 1268 నాటి శాసనం చెప్తుంది. కోణార్క సూర్యదేవాలయం కట్టించింది కూడా ఆయనే. కోణార్కకి ఫ్లైటెక్కి వెళ్ళి సెల్ఫీలు దిగి వచ్చేవాళ్ళు, ఇంటి వెనక కొండమీద అదే రాజు కాలం నాటి పనితనం ఉందని తెలిసి ఆశ్చర్యపోతుంటారు.

1516లో కృష్ణదేవరాయలు వచ్చాడు. కళింగ దండయాత్రలో గజపతి మీద గెలిచి, తన తల్లిదండ్రుల పుణ్యం కోసం స్వామికి 991 ముత్యాల హారం, ఇతర నగలు సమర్పించాడని శాసనం. భీమిలి వైపు పొట్నూరులో జయస్తంభం నాటించాడు. గమనించాల్సింది ఇంకొకటి ఉంది. ఓడించిన రాజు గుడిని గెలిచిన రాజు ముట్టుకోలేదు, పైగా కానుకలిచ్చాడు. ఓడిపోయిన ప్రతాపరుద్ర గజపతి కూతుర్నే తర్వాత పెళ్ళి చేసుకున్నాడు. ఒక యుద్ధం ఎలా ముగించాలో వాళ్ళకి తెలుసు.

అయితే ఆ శాసనాల్లో నాకు ఇష్టమైనవి రాజులవి కావు. అఖండ దీపానికి ఆవుల్నో గొర్రెల్నో ఇచ్చినవాళ్ళు, పూలతోటకి భూమి ఇచ్చినవాళ్ళు, గుడిలో పాడేవాళ్ళకీ ఆడేవాళ్ళకీ జీతం ఏర్పాటు చేసినవాళ్ళు, వాళ్ళలో ఆడవాళ్ళు కూడా ఉన్నారు. ఆ దీపం ఎన్ని రోజులు వెలగాలంటే "ఆచంద్రార్కం", సూర్యచంద్రులున్నన్నాళ్ళూ. ఇప్పుడు అన్నదానానికి డిపాజిట్ వేసి, వడ్డీతో ఏటా మన పేర భోజనం పెట్టమంటాం చూశారా, అదే పద్ధతి. అసలు చెదరకూడదు, ఫలం మాత్రమే ఖర్చవ్వాలి. ఆ రోజుల్లో అసలు అంటే ఆవులు.

బొబ్బిలి, విజయనగరం మధ్య ఇంకా పగలున్నాయా?

లేవు. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగరం పెద విజయరామరాజు కలిసి బొబ్బిలి కోట మీదపడ్డారు. కోటలోని ఆడవాళ్ళు, పిల్లలు శత్రువుల చేతికి చిక్కకుండా ప్రాణాలు వదిలారు. మూడు రాత్రుల తర్వాత తాండ్ర పాపారాయుడు డేరాలో జొరబడి విజయరామరాజుని పొడిచి చంపాడు. ఈ కథ బుర్రకథలుగా మన ఇళ్ళలోకి వచ్చింది, అందుకే పగ ఇంకా ఉందేమో అనిపిస్తుంది.

లాభపడింది ఎవరో చూడండి. రెండేళ్ళు తిరక్కుండా విజయనగరం కొత్త రాజు ఆనందరాజు ఫ్రెంచివాళ్ళ మీద కోపంతో ఇంగ్లీషువాళ్ళని పిలిచాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్ళు ఓడిపోయారు. ఉత్తర సర్కారుల్లో, అంటే ఈ కోస్తా జిల్లాల్లో, వాళ్ళ కథ ముగిసింది, కంపెనీ పాగా వేసింది.

పద్మనాభం యుద్ధం గురించి స్కూల్లో ఎందుకు చెప్పలేదు?

ఈ ప్రశ్న ఎవరడిగినా నాకు గొంతు పట్టేస్తుంది. విశాఖ నుంచి బస్సెక్కితే గంటన్నరలో చేరే చోటు. వెళ్ళొచ్చినవాళ్ళు పదిమందిలో ఒకరు కూడా ఉండరు.

బొబ్బిలి యుద్ధంలో గెలిచి చనిపోయిన రాజు పేరే పెట్టుకున్నాడు చిన విజయరామరాజు. కంపెనీకి కట్టాల్సిన పేష్కషు బకాయిలు పేరుకుపోయాయి. సైన్యాన్ని తగ్గించుకోమన్నారు, బకాయి కట్టమన్నారు, చివరికి జమీందారీ జప్తు చేసి నెలకు 1,200 రూపాయల పెన్షన్ తీసుకుని మచిలీపట్నం వెళ్ళిపొమ్మన్నారు. ఆయన వెళ్ళలేదు. తనవాళ్ళతో పద్మనాభం వచ్చి కూర్చున్నాడు. 1794 జూలై 10న తెల్లవారకముందే కల్నల్ ప్రెండర్‌గాస్ట్ సేన మీదపడింది. గంట కూడా పట్టలేదు. రాజు, ఆయన చుట్టూ నిలబడ్డ దొరలు, బంధువులు అక్కడికక్కడే పడిపోయారు. కంపెనీ వైపు పోయింది కొద్దిమందే.

దాన్ని యుద్ధం అనాలా అని నేను చాలాసార్లు ఆలోచించాను. గెలవలేమని తెలిసి కూడా కదలకుండా నిలబడడం అది. కొడుకు నారాయణబాబు అప్పటికి చిన్నపిల్లవాడు. కొండల్లోకి తీసుకుపోయి దాచారు. కొండ జమీందారులు, అక్కడి జనం ఆ పిల్లవాడి వైపు నిలబడ్డాకే కంపెనీ దిగొచ్చి, జమీందారీలో కొంత తిరిగి ఇచ్చింది.

పద్మనాభంలో కొండమీద అనంతపద్మనాభస్వామి గుడికి వెయ్యికి పైగా మెట్లున్నాయి. కింద కుంతీమాధవస్వామి గుడి. పైకి ఎక్కి వెనక్కి తిరిగితే గోస్తని వైపు పొలాలు మడులు మడులుగా కనిపిస్తాయి. మొదటిసారి నేను వెళ్ళింది జూలైలోనే. ఆకుమడి తీసి నాట్లేస్తున్నారు. ఒక ముసలాయన గట్టు మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. "రాజుగారు పడ్డ చోటు ఎక్కడ తాతా?" అంటే, చుట్ట ఉన్న చేత్తోనే కింద పొలాల్ని చుట్టి చూపించి, "ఇదంతానూ బాబూ" అన్నాడు. ఇంతకన్నా కచ్చితమైన జవాబు నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

ఇంతకీ వీళ్ళు మంచి రాజులా, చెడ్డ రాజులా?

ఇద్దరూ ఉన్నారు, ఒకే మనిషిలో ఇద్దరూ ఉన్న సందర్భాలూ ఉన్నాయి. కాలేజీ కట్టిన డబ్బు, ఏనుగు మీద ఊరేగిన డబ్బు ఒకే చోటి నుంచి వచ్చాయి: రైతు కట్టిన శిస్తు నుంచి. ఈ సంగతి పక్కనపెట్టి రాజుల కథ చెప్తే అది సగం కథే.

శ్రీకాకుళం వైపున్న మందస ఎస్టేట్ సంగతి తప్పకుండా చెప్తాను. అడవిలో కట్టెలు కొట్టుకోవడానికి కూడా రైతులకు హక్కు లేదన్నారు. 1940 ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురంలో పోలీసులు రైతుల్ని పట్టుకుపోతుంటే అడ్డుపడిన సాసుమాను గున్నమ్మ తుపాకీ గుండుకి చనిపోయింది. అప్పటికి ఆమె గర్భవతి. ఎనిమిదేళ్ళకి వచ్చిన ఎస్టేట్ల రద్దు చట్టం ఢిల్లీలో, మద్రాసులో పెద్దమనుషుల చర్చల్లోంచి ఊరికే ఊడిపడలేదు. అందులో గున్నమ్మ నెత్తురుంది.

కన్యాశుల్కం నాటకానికీ విజయనగరం రాజుకీ ఏం సంబంధం?

చాలామందికి గురజాడ అప్పారావు విజయనగరం మహారాజు ఆనందగజపతి ఆస్థానంలో పనిచేశారని, నాటకం ఆయనకే అంకితమిచ్చారని తెలుసు. 1892లో విజయనగరంలో ప్రదర్శించారు. అంతకన్నా పెద్ద సంగతి ఆ పుస్తకం మొదటి కూర్పు ముందుమాటలో ఉంది. పిల్లల్ని డబ్బుకి అమ్మే పెళ్ళిళ్ళు ఎన్ని జరుగుతున్నాయో తెలుసుకోవాలని మహారాజు విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో లెక్క రాయించారు. మూడేళ్ళలో 1,034 తేలాయి. అందులో 99 మంది పిల్లలకి పెళ్ళినాటికి అయిదేళ్ళు. 44 మందికి నాలుగు, 36 మందికి మూడు, ఆరుగురికి రెండు. ముగ్గురికి ఏడాది. ఆ ఏడాది పిల్లల ధర 350 నుంచి 400 రూపాయలు.

ఈ అంకెలు చదివినప్పుడల్లా నడక ఆగిపోతుంది. మొన్నొకసారి ఇంజనీరింగ్ చదివే అమ్మాయి ఒకతె "చంకలో బిడ్డని అమ్మేశారా మాస్టారూ?" అని అడిగి, మళ్ళీ చాలాసేపు మాట్లాడలేదు. అవునమ్మా, మన జిల్లాలోనే. ఆ ఆచారాన్ని ఆపడానికి మద్రాసు శాసనసభలో మహారాజు బిల్లు పెడితే అది చట్టం కాలేదు. చట్టం చేయలేని పని నాటకం కొంత చేసింది. లెక్క లేకుండా మాట్లాడితే ఎవరూ వినరని ఆ రోజుల్లోనే గుర్తించి, ముందు అంకెలు సేకరించిన పాలకుడిగా ఆనందగజపతి అంటే నాకు గౌరవం.

ఆంధ్రా యూనివర్సిటీని రాజులే కట్టారా?

కాదు. 1926లో చట్టం ద్వారా ఏర్పడింది, బెజవాడలో మొదలై 1930లో వాల్తేరుకి వచ్చింది. కట్టమంచి రామలింగారెడ్డి మొదటి వైస్ ఛాన్సలర్, తర్వాత సర్వేపల్లి రాధాకృష్ణన్. అయితే డబ్బు ఎవరిస్తారు? అక్కడ జయపురం మహారాజు విక్రమదేవవర్మ ముందుకొచ్చారు. ఏటా లక్ష రూపాయలు ఇచ్చే ఏర్పాటు చేశారు. అప్పటి లక్ష! సైన్స్ కాలేజీకి ఆయన పేరే పెట్టారు. ఒడియా నేల ఏలుతూ తెలుగులో కవిత్వం రాసిన మనిషి.

విజయనగరంలో 1879 నుంచి మహారాజా కాలేజీ ఉంది. 1919లో మొదలైన సంగీత కళాశాలకి ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్ చెప్పేవారు, ఘంటసాల అక్కడి విద్యార్థి. రేడియోలో ఆయన గొంతు వినిపిస్తే మా ఇంట్లో ఇప్పటికీ వంటింట్లో గరిటె చప్పుడు ఆగుతుంది.

డాబాగార్డెన్స్‌లో నక్షత్రశాల ఉండేదట, నిజమేనా?

నిజమే. గోడే వెంకట జగ్గారావు అనే జమీందారు 1840లో సొంత డబ్బుతో అబ్జర్వేటరీ పెట్టాడు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు నడిపాడు. ఏవీఎన్ కాలేజీ పేరు ముందు మిసెస్ అని ఎందుకుందో తెలుసా? విరాళమిచ్చింది నరసింగరావు గారి భార్య. జగదాంబ దగ్గర బస్సు కోసం నిలబడి ఆ బోర్డు రోజూ చదివేవాళ్ళకి కూడా ఇది తెలియదు.

మా స్థలం కాగితాల్లో "ఎస్టేట్", "ఇనాం" అని ఉంది. భయపడాలా?

భయపడొద్దు, కానీ చదవకుండా కొనొద్దు. నిజానికి రాజుల చరిత్ర మన జేబు మీద పనిచేసేది ఇక్కడే. అందుకే కొంచెం పొడుగ్గా చెప్తాను.

పాత జమీందారీ గ్రామంలో భూమి రకరకాలు. రైతు శిస్తు కట్టి సాగుచేసుకునేది జిరాయితీ. జమీందారు సొంత కమతం వేరే. గుడికి, మసీదుకి, మంగలికి, వడ్రంగికి, పురోహితుడికి పని చేసినందుకు ఇచ్చినవి ఇనాములు. 1948 చట్టం వచ్చాక ప్రభుత్వం ఎస్టేట్లు స్వాధీనం చేసుకుని, సర్వే చేయించి, జిరాయితీ రైతులకు రైత్వారీ పట్టాలిచ్చింది. ఆ సెటిల్‌మెంట్‌లో తయారైన పుస్తకమే సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్. అందరూ ఎస్ఎఫ్ఏ అంటారు. ఇనాముల సంగతి 1956 ఇనాం రద్దు చట్టం తేల్చింది. అందులో గుడి పేర ఉన్నవి గుడికే చెందుతాయి. వాటిని అనుమతి లేకుండా పూజారి అమ్మినా, ధర్మకర్త అమ్మినా, ఎన్ని చేతులు మారినా చెల్లదు. అలాంటి సర్వే నంబర్లు రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ సెక్షన్ కింద ఉండే నిషేధిత జాబితాలో ఉంటాయి, రిజిస్ట్రేషన్ జరగదు.

మా ఇంటి అనుభవం ఒకటి చెప్తాను. మా తాతగారి ఊరు భీమిలి అవతల, పాత విజయనగరం ఎస్టేట్‌లోది. 2011లో చెల్లి పెళ్ళికి ఎకరం అమ్ముదామని వెళ్తే, ఒక ఆఫీసులో "మీది దేవుడి ఇనాం, జాబితాలో ఉంది" అన్నారు. నాన్నకి నోట మాట రాలేదు. మూడు తరాలుగా దున్నుకుంటున్న చేను. పెళ్ళి అప్పుచేసి జరిపించాం. ఆ టెన్షన్‌లో నాన్నకి బీపీ మొదలైంది.

దారి చూపించింది తాతగారి ట్రంకు పెట్టె. అడుగున, పాత పంచాంగాల మధ్య, నాలుగు మడతలు పెట్టిన శిస్తు రసీదులు. కాగితం తమలపాకు ఎండినట్టు పసుపుపచ్చగా, మడతల దగ్గర చిరిగి ఉంది. గుండ్రటి ఎస్టేట్ ముద్ర సగమే పడింది. ఫసలీ 1349 అని రాసుంది. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, అంటే 1939. కింద "జిరాయితీ" అన్న మాట, తాతగారి నాన్న పేరు. ఆ రసీదు పట్టుకుని ఎస్ఎఫ్ఏ నకలు తీయిస్తే మా సర్వే నంబరు జిరాయితీగానే ఉంది. జాబితాలో ఎక్కించేటప్పుడు పక్క గుడి భూమి నంబరు బదులు మాది రాశారు, ఒక్క అంకె తేడా. దాన్ని సరిచేయించుకోవడానికి పద్నాలుగు నెలలు పట్టింది.

కాబట్టి నా సలహా ఇది. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ఒక్కటే చూసి అడ్వాన్సు ఇవ్వకండి. ఈసీ రిజిస్టరైన లావాదేవీలు చూపిస్తుంది గానీ, అమ్మేవాడికి హక్కు ఎలా వచ్చిందో చెప్పదు. లింకు డాక్యుమెంట్లు (అంతకుముందు చేతులు మారిన దస్తావేజులు), ఎస్ఎఫ్ఏ, 22-ఎ జాబితా మూడూ చూడండి. గుడి భూమి అమ్మాలంటే 1987 దేవాదాయ చట్టం ప్రకారం ముందస్తు అనుమతి, బహిరంగ వేలం ఉండాలి. సివిల్ లాయరుకి చూపించండి. ఇంట్లో పాత ట్రంకు పెట్టె ఉంటే మాత్రం, దయచేసి, సంక్రాంతికి భోగిమంటలో పాత కాగితాలు పడేయకండి.

పంచ గ్రామాల గొడవ కూడా ఇదేనా?

అదే కుటుంబానికి చెందిన సమస్య. అడివివరం, వేపగుంట, వెంకటాపురం, పురుషోత్తపురం, చీమలాపల్లి, ఈ అయిదు చోట్ల భూమి సింహాచలం దేవస్థానానిది. రాజుల కాలం నుంచి స్వామి పేర ఉన్న భూమి. దాని మీద వేల ఇళ్ళు లేచాయి. ఇల్లు కట్టుకున్నవాళ్ళు రిపేరు చేయించుకోవాలన్నా, పిల్లల చదువుకి తాకట్టు పెట్టాలన్నా ఇబ్బందే. ప్రభుత్వాలు క్రమబద్ధీకరణ ప్రయత్నాలు చేశాయి, విషయం కోర్టుల్లో నలుగుతోంది. దేవుడి ఆస్తి దేవుడికి దక్కాలి, కష్టపడి ఇల్లు కట్టుకున్నవాడికి నిద్ర పట్టాలి. రెండూ న్యాయమే.

సింహాచలం చందనోత్సవం రోజు తొలి దర్శనం విజయనగరం రాజకుటుంబానికెందుకు?

వంశపారంపర్య ధర్మకర్తలు కాబట్టి. అక్షయ తృతీయనాడు చందనం ఒలిచిన స్వామి నిజరూపాన్ని మొదట విజయనగరం రాజులైన పూసపాటి వంశం నుంచి ధర్మకర్త దర్శించుకోవడం ఆనవాయితీ. ఇది రాజ్యాధికారం కాదు, ట్రస్టు బాధ్యత. దీని మీద కూడా కోర్టు తీర్పులున్నాయి. 2020లో ప్రభుత్వం చైర్మన్‌ని మార్చింది, 2021 జూన్‌లో హైకోర్టు ఆ ఉత్తర్వుల్ని కొట్టేసింది. 1958లో ఆ వంశానికే చెందిన పీవీజీ రాజు ఏర్పాటు చేసిన మాన్సాస్ ట్రస్టు విషయమూ అదే కేసుల్లో నడిచింది. విజయనగరం కోటలో ఇప్పుడు కాలేజీలు నడుస్తున్నది ఆ ట్రస్టు కిందే.

విజయనగరం పైడితల్లి సిరిమానోత్సవంలో రాజకుటుంబం చేసేదేమిటి?

కోట బురుజు మీద కూర్చుని చూడడం. అంతే, కానీ ఆ "అంతే"లో చాలా ఉంది. దసరా వెళ్ళిన తొలి మంగళవారం, నిలువెత్తు కన్నా ఎన్నో రెట్లు పొడవున్న చింతమాను చివర పూజారి కూర్చుంటాడు. జనసముద్రం మీదుగా ఆ మాను కోట దాకా మూడుసార్లు వెళ్ళి వస్తుంది. పైడితల్లి బొబ్బిలి యుద్ధంలో చనిపోయిన విజయరామరాజు చెల్లెలని, అన్నకి అపాయమని ముందే చెప్పాలని తపించిందని, 1757లో పెద్దచెరువులో విగ్రహంగా దొరికిందని జనం నమ్మకం. రాజు మాట వినలేదు, ఆడబిడ్డ దేవతైంది. ఇప్పుడు ఏటా ఆమె మాను పైనుంచి వెళ్తుంటే రాజవంశం బురుజు మీంచి దణ్ణం పెడుతుంది.

"మాది రాజుల వంశం" అని మా తాతగారు చెప్పేవారు. ఎలా తెలుసుకోవాలి?

పెద్దవాళ్ళు బతికుండగా కూర్చోబెట్టి ఫోన్‌లో రికార్డు చేయండి. ఊరి పేరు, గోత్రం, ఇలవేల్పు, పెళ్ళిళ్ళు ఎక్కడెక్కడ చేశారో అడగండి. తర్వాత కాగితం వెతకండి. వంశం రాజులది అని తేలకపోవచ్చు, పల్లకీ మోసినవాళ్ళదో చెరువు తవ్వినవాళ్ళదో అని తేలొచ్చు. అదీ రాసుకోండి, పేర్లతో సహా.

పిల్లల్ని తీసుకెళ్ళాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

వన్‌టౌన్‌లో. ఆదివారం ఆరున్నరకల్లా రండి, ఏడున్నర దాటితే మార్కెట్ రద్దీలో నిలబడే చోటుండదు. కురుపాం మార్కెట్ కమాను చూసి, ఘోషా ఆస్పత్రి మీదుగా టౌన్ హాల్ దాకా నడవండి. ఘోషా అంటే ఆడవాళ్ళు పరాయి మగవాళ్ళ కంటపడకుండా ఉండడం. అప్పటి ఆడవాళ్ళు మగడాక్టరు దగ్గరికి వెళ్ళలేక ఎంత బాధపడేవారో పిల్లలకి ఆ ఒక్క పేరుతో చెప్పొచ్చు. సింహాచలం మరో రోజు పెట్టుకోండి. వెళ్ళేటప్పుడు శాసనాల మీద సుద్ద రాయనివ్వకండి, పసుపు పూయనివ్వకండి. విజయనగరం కోటకి, గంటస్తంభానికి రైల్లో వెళ్తే పిల్లలకి సరదాగా ఉంటుంది. బొబ్బిలి దాకా వెళ్ళే ఓపికుంటే గొల్లపల్లిలో వీణలు చేసే ఇళ్ళకి వెళ్ళండి. ఒకే పనస మొద్దుని తొలిచి వీణ చేస్తారు, రాజుల కాలంలో మొదలైన పని. అడిగితే పిల్లల చేత ఒకసారి తీగ మీటిస్తారు.